అజాన్‌కు ముందు ఒక్క మెట్టు

నవంబరు 11, మంగళవారం

రేపల్లె చర్చి వాళ్ళ హార్మోనియం పెట్టె విప్పాను. మొన్నటి తుపానులో కిటికీ పక్కన ఉంచారట. ఉంచడం కాదు, స్నానం చేయించారు. తిత్తి మడతలు ఊడాయి, తొమ్మిది రీడ్లు పచ్చబడి మూగబోయాయి.

"క్రిస్మస్ పాటలు మొదలెట్టాలండి, ఇక మీ చేతుల్లోనే ఉంది" — ఫోనులో సామ్యూల్ మాస్టారు. బడి నుంచి రిటైరైనా చర్చి పాటల నుంచి రిటైరు కాలేదాయన. నా చేతుల్లో ఏమీ లేదు మాస్టారూ, అంతా ఆకురాయిలోనే ఉంది అన్నాను.

నిజమే కదా. ఇత్తడి రీడును కొసన గీస్తే స్వరం పైకి పోతుంది, మొదట్లో గీస్తే కిందికి దిగుతుంది. ముప్ఫై నాలుగేళ్ళుగా తెనాలిలో నా పని ఇంతే. ఇన్నేళ్ళలో ఒక్క పాట వాయించలేదు. రాదు కూడా. నాన్న పెట్టిన నియమం — పెట్టె బాగు చెయ్యి, వాయించకు. ముస్లిం ఇంట్లో ఈ పని నిలవాలంటే ఆ గీత దాటకూడదని ఆయన లెక్క. అందుకే ఒక మెట్టు నొక్కుతాను, వింటాను, వదులుతాను. తర్వాత ఇంకోటి.

నాటకాల వాళ్ళు ఆట పట్టిస్తారు. "ఒక్క పద్యానికి ఎత్తుకో మస్తానన్నా..." ఈత రానివాడు పడవ బాగు చెయ్యకూడదా? ఇదే నా జవాబు ఎప్పుడూ. మళ్ళీ నోరెత్తరు.

ఇవాళ మసీదులో నేనిచ్చిన అసర్ అజాన్, సాయంత్రపు నమాజు పిలుపు, బాగా వచ్చింది. నేనే చెప్పుకుంటున్నా. ఇంకెవరు చెబుతారు.


నవంబరు 12

అయిదు రీడ్లు పలికాయి. నాలుగు మొండికేశాయి. చూద్దాం, ఎవరి పట్టు ఎంతో.


నవంబరు 14, శుక్రవారం

జుమా నమాజయ్యాక సదర్ సాబ్ భుజం మీద చెయ్యి వేశారు. మసీదు కమిటీకి పెద్ద ఆయన, నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన మనిషి. భుజం మీద చెయ్యి వేసి మొదలుపెట్టారంటే అది తీపి కబురు కాదు.

"మన కుర్రాళ్ళు కొందరు అడుగుతున్నారు మస్తాన్..."

ఏంటంట?

"వాయిద్యాల పని చేసేవాడు అజాన్ ఎలా ఇస్తాడంట."

ఇరవై రెండేళ్ళుగా ఎలా ఇస్తున్నానో అలాగే ఇస్తాను అన్నాను. నవ్వాను కూడా. ఆయన నవ్వలేదు. డిసెంబరు మొదటి వారంలోగా తేల్చుకోమన్నారు — పెట్టెలా, మైకా.

తెల్లవారి ఫజర్, మధ్యాహ్నం జుహర్, రాత్రి ఇషా అజాన్‌లు మా ఇమాము హాఫిజ్ సాబ్ చూసుకుంటారు. సాయంత్రం అసర్, పొద్దుగూకాక మగ్రిబ్ నావి. ఎవరూ రాసివ్వలేదు, అలా వచ్చేశాయి. దుకాణం నుంచి మసీదు గుమ్మానికి నూట పది అడుగులు. లేచి వెళ్ళి పిలుస్తాను. వీధి వీధంతా పని ఆపి వింటుంది. రోజు మొత్తంలో నేను గొంతు విప్పి పాడేది ఆ కాసేపే...

పాడేది కాదు. పిలిచేది. తప్పు రాశాను, కొట్టెయ్యను, కానీ తప్పే.


నవంబరు 15

దుకాణం వెనకే ఇల్లు. మా ఆవిడ కరీమూన్‌కు చెప్పాను. బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"ఇరవై రెండేళ్ళు విన్న చెవులకి ఇప్పుడు అనుమానం వచ్చిందా ఏంటి?"

అదే కదా నేనూ అన్నది.

"మరి మీరు ఏది వదులుతారు?"

ఏదీ వదలను అన్నాను. అప్పుడు తల ఎత్తి చూసింది. పెళ్ళయిన కొత్తలో చూసినట్టే. బాగుంది, ఈ వయసులో.


నవంబరు 17, సోమవారం

హాఫిజ్ సాబ్‌తో కూర్చున్నాను. చెరుకుపల్లి పిల్లాడు, ఇరవై నాలుగేళ్ళు. ఖురాను మొత్తం గుండెల్లో ఉంది. బస్సులో పాటలు పెడితే చెవుల్లో దూది పెట్టుకునే మనిషి. ఆ దూది ఎవరి మీదా రువ్వడు, అదీ నాకు నచ్చింది.

మనసులో ఉన్నది దాచకుండా చెప్పండి అన్నాను. చెప్పాడు.

"మనం నమ్మే పెద్దల్లో ఎక్కువమంది వాయిద్యాలు వద్దన్నారు చాచా. పెళ్ళికీ పండక్కీ డఫ్ తప్పెట వరకూ సరేనన్నారు. ఒట్టి గొంతు, మంచి మాట అయితే పేచీ లేదు. వేరే ఆలిములు, ధర్మం చదివిన పెద్దలు, కొందరున్నారు — ఏ మాట, ఏ చోటు, ఏ ఉద్దేశం అని చూసి వాయిద్యానికి కూడా ఒప్పుకున్నారు. ఖవ్వాలీలు పాడే దర్గాల దారి ఇంకోటి. నేను చదివింది మొదటిది. నా మనసూ అక్కడే ఉంది."

మరి నేను వాయించను కదండి?

"బాగు చేసిన పెట్టెని మీరు బీరువాలో దాచుకోరు కదా చాచా."

దెబ్బ సూటిగా తగిలింది. నాన్న గీసిన గీత ఇంత సన్నదా అనిపించింది ఒక్క నిమిషం. ఒక్క నిమిషమే. వంట చేసేవాడి మీద తిన్నవాడి పాపం పడుతుందా, కత్తి సాన పట్టేవాడు కోసినవాడా... వరసగా అడిగాను. హాఫిజ్ సాబ్ ఓపిగ్గా విన్నాడు. బాపట్లలో ధర్మసందేహాలు తీర్చే పెద్ద హజ్రత్ ఉన్నారు, ఆయన మాట కమిటీ కూడా కాదనదు, వెళ్ళి అడగండి అన్నాడు.

వెళ్తాను. గెలిచి వస్తాను.


నవంబరు 20, గురువారం

ఇది కాగితానికి మాత్రమే.

అజాన్‌కు బయల్దేరే ముందు రోజూ ఒక మెట్టు నొక్కుతాను. రెండున్నర కట్టె శ్రుతి — నల్లది. దుకాణంలో ఏ పెట్టె ఉంటే ఆ పెట్టె మీద. ఒక్కసారి. ఆ స్వరాన్ని గొంతులో పెట్టుకుని మసీదు దాకా నడుస్తాను. మైకు దగ్గర అదే స్వరం మీద ఎత్తుకుంటాను.

మొదట్లో ఇలా లేదు. రెండో రోజో మూడో రోజో మరీ పైన ఎత్తుకున్నాను, నమాజుకు రమ్మనే హయ్య అలస్సలాహ్ దగ్గరికి వచ్చేసరికి గొంతు కీచుమంది. వెనక ఎవరో నవ్వారు. మర్నాడు వేలు దానంతటదే నల్ల మెట్టు మీదికి పోయింది. అప్పటి నుంచి ఒక్క రోజు తప్పలేదు.

దారిలో ఎవరు పలకరించినా మాట్లాడను. మాట్లాడితే స్వరం జారిపోతుంది. అందుకే నోరు మూసుకుని, తల వంచుకుని నడుస్తాను. ఊరేమో నాది భక్తి అనుకుంటోంది. "అజాన్‌కి వెళ్తుంటే పలకరించకండిరా, ఆయన మనసు అల్లాహ్ దగ్గర ఉంటుంది" — టీ కొట్టు దగ్గర నా చెవులతో నేనే విన్నాను. చెప్పాలా? అప్పుడు చెప్పలేదు. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు.

ఇందులో తప్పేముంది. పాట కాదు, ఒక్క మెట్టు. వాచీ చూసుకుని బయల్దేరినట్టు.


నవంబరు 23, ఆదివారం

బాపట్ల. పొద్దున రైలు. సముద్రం గాలి స్టేషను దాకా వచ్చింది — ఈ గాలికి ఇత్తడి ఎన్నాళ్ళు నిలుస్తుందా అన్నదే నా ధ్యాస. పని పిచ్చి.

హజ్రత్ మంచం మీద ఆనుకుని కూర్చున్నారు. తొంభై దాటాయేమో. చూపు తగ్గింది, బుర్ర తగ్గలేదు. మనవరాలు టీ తెచ్చింది. నా సంగతంతా విని మూడు ప్రశ్నలు వేశారు.

"వాయిస్తావా?"

లేదండి.

"పాడతావా?"

లేదండి.

"నువ్వు బాగు చేసినవి ఎక్కడికి పోతాయి?"

చర్చికండి, భజనకండి, నాటకానికండి. అన్నీ చెప్పాను. ఒక్కటీ దాచలేదు.

టీ గ్లాసు పక్కకు జరిపారు.

"నేనైతే ఈ పని చెయ్యను నాయనా. నా పిల్లలకీ చెప్పను. కానీ నీది హరామ్ అని రాసి సంతకం పెట్టే ధైర్యం నాకు లేదు. పెద్దపెద్దవాళ్ళు రెండు మాటలు చెప్పిన చోట చిన్నవాళ్ళం గొంతు పట్టుకోకూడదు. వెళ్ళు. అజాన్ ఇచ్చుకో."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గు లేదు చెప్పడానికి. మనవరాలి చేత చీటీ రాయించి, సంతకం పెట్టారు. నేను లేచాక అడిగారు —

"ఇంకేమైనా అడగాలా?"

లేదండి, అన్నాను.

గబుక్కున అన్నాను. ఆయన ముఖం ఇంకా నా వైపే ఉంది. సలాం చేసి వచ్చేశాను.


నవంబరు 24

చీటీ సదర్ సాబ్ చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివారు. "నేను ముందే అన్నాను వాళ్ళతో" అన్నారు. అనలేదు. పోనీలే.


నవంబరు 28, శుక్రవారం

గెలుపంటే ఇలా ఉంటుందని తెలిస్తే కొంచెం ఓడిపోయి ఉండేవాణ్ణి.

జుమా అయ్యాక సదర్ సాబ్ మైకు తీసుకున్నారు. మస్తాన్ విషయం తేలిపోయింది, ఇక ఎవరూ మాట్లాడకూడదు. అక్కడితో ఆపొచ్చు కదా. ఆపలేదు.

"కుర్రాళ్ళు ఆయన్ని చూసి నేర్చుకోవాలి. అజాన్‌కి దుకాణం దిగిన దగ్గర్నుంచి ఒక్క మాట మాట్లాడడు. అంత నిష్ఠ మీలో ఒక్కడికైనా ఉందా?"

రెండు వందల తలకాయలు నా వైపు తిరిగాయి. అడ్డు చెప్పిన కుర్రాళ్ళలో ఒకడు తర్వాత నా చెయ్యి పట్టుకుని, మాఫ్ చెయ్యండి చాచా అన్నాడు. వాడి కళ్ళలోకి చూడలేకపోయాను. వాడు తిట్టినప్పుడు హాయిగా ఉంది. ఇప్పుడు లేదు.

అయినా అసర్‌కు నల్ల మెట్టు నొక్కాను. నొక్కకుండా వెళ్ళే ధైర్యం లేదు.


నవంబరు 30, ఆదివారం

పెట్టె ఒళ్ళో పెట్టుకుని రేపల్లె పాసింజరులో. పొలాల్లో వరి పండింది, తుపానుకు పడిన చోట పడుకునే ఉంది. నా తొమ్మిది రీడ్లు మాత్రం లేచి కూర్చున్నాయి. నాలుగు మొండివి కూడా. ఓడిపోయింది అవే.

చర్చి వరండాలో నిలబడ్డాను. ప్రార్థన అయిపోయింది, పాటల వాళ్ళు మాత్రం ఉన్నారు — పెద్దవాళ్ళూ, పిల్లలూ, నలభై మంది దాకా. సామ్యూల్ మాస్టారు పెట్టె ముందు కూర్చున్నారు. వేళ్ళు విరుచుకున్నారు. వాయిస్తారనుకున్నాను. వాయించలేదు. ఒక్క మెట్టు నొక్కారు. ఒక్కటే. పట్టుకుని ఉన్నారు.

"అందుకోండమ్మా."

నలభై గొంతులూ ఆ స్వరాన్ని పట్టుకున్నాయి. ఇంకా మాట లేదు, పాట లేదు. గోడలు నిండిపోయాయి.

మాస్టారు నన్ను చూసి నవ్వారు. "శ్రుతి అందితే పాట సగం అయినట్టేనండి. మిగతాదంతా నడకే."

నేనూ నవ్వాను. అక్కడ నుంచి స్టేషను దాకా నవ్వుతూనే వెళ్ళాను. రైలెక్కాక ఆగిపోయింది. వాయించను, వాయించను అని ముప్ఫై నాలుగేళ్ళు ఊరంతా చాటింపు వేసుకున్నాను. సగం పాట రోజుకు రెండుసార్లు నొక్కుతూనే ఉన్నాను. అదీ అల్లాహ్ పిలుపు కోసం. హజ్రత్ "ఇంకేమైనా" అని అడిగింది సరిగ్గా దీని గురించే అన్నట్టు ఉంది ఇప్పుడు.

తప్పు అనటం లేదు. అడగకుండా వచ్చాను, అదే తప్పు.


డిసెంబరు 1, సోమవారం

నొక్కలేదు. వేలు చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళాను.

పైన ఎత్తుకున్నాను. ఎత్తుకోగానే తెలిసింది, కానీ దిగడానికి లేదు కదా. హయ్య అలస్సలాహ్ దగ్గర కీచుమంది. ఇరవై రెండేళ్ళ కిందటి కీచే, అచ్చంగా. మాట తప్పలేదు, అక్షరం తప్పలేదు, పిలుపు పిలుపుగానే ఉంది. అయినా చెమటలు పట్టాయి.

"జలుబా?" — సదర్ సాబ్.

అవునండి, అన్నాను.


డిసెంబరు 2

కరీమూన్ అల్లం టీ పెట్టింది. జలుబు లేదన్నాను.

"తెలుసు" అంది. "నిన్న పెట్టె మోగలేదుగా."

ఏ పెట్టె?

"అజాన్‌కి వెళ్ళేముందు రోజూ ఒకసారి ఊఁ అనిపిస్తారుగా. అది వినపడగానే నేను కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకోడానికి లేస్తాను. పక్కింటావిడ కూడా అంతే. నిన్న వినపడలేదు, పొయ్యి దగ్గరే ఉండిపోయాను, ఆలస్యమైంది."

గ్లాసు కింద పెట్టేశాను. ఇరవై రెండేళ్ళుగా తెలుసట! ఎందుకు చెప్పలేదే అంటే — "మీరు దాచుకుంటున్నారని నాకేం తెలుసు? పనివాడు పనిముట్టు వెంట తీసుకెళ్తున్నాడు అనుకున్నా."

ఈమెను కమిటీకి పెద్దను చేస్తే ఒక్క పూటలో అన్నీ తేలిపోతాయి. కానీ నాకు తేలలేదు. ఆవిడకు పనిముట్టు, మాస్టారికి సగం పాట. హజ్రత్‌కు ఏమిటో అడిగే దమ్ము లేక వచ్చాను. రేపు హాఫిజ్ సాబ్‌కు చెప్పేస్తాను. అజాన్ పోతే పోతుంది. పోతే తట్టుకోలేను, అదీ నిజమే. అయినా చెబుతాను.


డిసెంబరు 3, బుధవారం

చెప్పాను. జుహర్ తర్వాత, మసీదులో మేమిద్దరమే. మెట్టు, నడక, మౌనం, బాపట్లలో నోరు మెదపకపోవడం — అన్నీ. చెబుతున్నంతసేపూ చాప అంచు చూస్తున్నాను.

ఆ కుర్రాడి ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండేది, పోట్లాడేవాణ్ణి.

"అజాన్ చెల్లుతుంది చాచా, దానికేం కాదు. ఇచ్చినవి ఇచ్చినట్టే. కానీ ఆ మెట్టుతో మొదలుపెట్టే మనిషిని నేను మైకు దగ్గర నిలబెట్టొచ్చా లేదా... నాకు తెలీదు. ఆలోచించుకోనివ్వండి."

నాకు తెలీదు అనగలిగిన ఇమాము. ఈ కుర్రాడి మీద గౌరవం రెట్టింపయింది. భయం కూడా.


డిసెంబరు 4, గురువారం

నాలుగు గంటలకు దుకాణం గుమ్మంలో హాఫిజ్ సాబ్. ఇన్నేళ్ళలో ఒక్కసారి గుమ్మం ఎక్కలేదు.

"ఆ మెట్టు వినిపించండి."

మీరు వినరు కదండి...

"వినను. కానీ వినకుండా తీర్పెలా చెప్పను? నా చదువు నన్ను ఊరుకోనివ్వటం లేదు చాచా. ఒక్కసారి."

ముందున్నది భజన వాళ్ళ పెట్టె. గుడ్డతో మెట్టు తుడిచాను, ఎందుకో. తిత్తి ఊది నల్ల మెట్టు నొక్కాను. పట్టుకుని ఉన్నాను. ఆయన తల వంచుకుని, చేతులు కట్టుకుని, నమాజులో నిలబడినట్టే నిలబడ్డాడు.

"ఇంతేనా?"

ఇంతేనండి.

"దీని కోసమా నోరు మూసుకుని ఇరవై రెండేళ్ళు నడిచారు?"

నవ్వాడు. హాఫిజ్ సాబ్ నవ్వడం మొదటిసారి చూశాను. పైపళ్ళ మధ్య సందు ఉంది.

ఇద్దరం నడిచాం. ఆయనా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. టీ కొట్టు వాళ్ళు లేచి నిలబడ్డారు. మైకు దగ్గర నేను వెనక్కి తగ్గాను — మీ తీర్పు వచ్చేదాకా నేను ఇవ్వను, ఇవాళ మీరే ఇవ్వండి.

చెవులకు చేతులు ఆనించి ఎత్తుకున్నాడు.

అల్లాహు అక్బర్...

నా ఒళ్ళు జలదరించింది. రెండున్నర. సరిగ్గా. ఆకురాయితో గీసి పెట్టినా అంత కుదరదు. ఆయన రోజూ ఎత్తుకునేది బాగా కింద, పైగా సగంలో జారిపోతుంది — మూడేళ్ళుగా వింటున్నాను కదా. ఇవాళ చివరి మాట దాకా ఒక్క వెంట్రుక జారలేదు. ఆ గొంతు అంత గొప్పదని నాకే తెలియదు. నా అజాన్ కంటే బాగుంది. రాయడానికి కొంచెం కష్టంగా ఉంది, అయినా రాశాను.

నమాజయ్యాక ముసలివాళ్ళు చుట్టుముట్టారు. "ఇవాళ ఏంటండి హాఫిజ్ సాబ్, గుండెకి తగిలింది!" ఆయన ఎర్రబడి, అల్లాహ్ దయ అన్నాడు.

ఆ నల్ల మెట్టు మీదే ఎత్తుకున్నానని ఆయనకు తెలియదు. చూస్తేనే తెలుస్తోంది, తెలియదు.


డిసెంబరు 5, శుక్రవారం

జుమాకు ముందు, వజూ కుళాయిల దగ్గర. హాఫిజ్ సాబ్ పక్కనే వచ్చి కూర్చున్నాడు.

"నా తీర్పు సాయంత్రం అసర్‌కి చెప్పేస్తాను చాచా. వద్దు అని చెప్పడానికే నా మనసు మొగ్గుతోంది. దానికి ముందు ఒకటి అడగాలి."

అడగండి.

"నిన్న నా అజాన్... అందరూ బాగుందంటున్నారు. నాకేదో అనుమానం. ఈ ఊళ్ళో అలాంటి చెవి మీదొక్కరిదే. నేను ఎక్కడ ఎత్తుకున్నాను?"

కుళాయి కట్టేశాను. మళ్ళీ తిప్పాను. జనం వచ్చేస్తున్నారు, లోపలికి పిలిచారు ఆయన్ని. "అసర్‌కి చెప్పండి" అంటూ లేచి వెళ్ళిపోయాడు.

హజ్రత్‌కు ఒక అబద్ధం, సదర్ సాబ్‌కు ఒకటి. మూడోది చెబితే, ఎప్పటిలాగే కిందే ఎత్తుకున్నారండి అనాలి. కుర్రాడు నిశ్చింతగా తీర్పు చెబుతాడు, నా అజాన్ పోతుంది. నిజం చెబితే, తనూ ఆ మెట్టు మీదే ఎత్తుకున్నాడు కాబట్టి, నాది ఉంటుందేమో. కానీ ఆ తర్వాత ఆ పిల్లవాడు మైకు ముందు నిలబడి గొంతు విప్పగలడా...

నాలుగు దాటింది. కరీమూన్ లోపల్నుంచి అడుగుతోంది — పెట్టె ఇంకా మోగలేదేమండీ?